రెండేళ్ల ఫెలోషిప్పా, బీఈడీనా: బడిలోకి ఏ దారిన వెళ్లాలి?

కొత్త పట్టా (విజయనగరం జిల్లా)

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే బీఎస్సీ పూర్తయింది, గణితం ప్రధానంగా. టీచర్ కావాలన్నది ఆరో తరగతి నుంచీ ఉన్న కోరిక. ఇప్పుడు రెండు దారుల మధ్య నిలబడ్డాను.

టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ గురించి మా సీనియర్ ఒకరు చెప్పారు. డిగ్రీ ఉంటే చాలు, బీఈడీ అక్కర్లేదు. వేసవిలో కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, పేద పిల్లలు చదివే బడిలో రెండేళ్లపాటు ఒక తరగతి అప్పగిస్తారట. నెలనెలా స్టైపెండ్ కూడా ఉంటుందట. రెండో దారి అందరికీ తెలిసిందే. బీఈడీ సీటుకు ఎడ్‌సెట్ రాయాలి, రెండేళ్లు బీఈడీ చదవాలి, టీచర్ అర్హత పరీక్ష టెట్ గట్టెక్కాలి, సర్కారు బడుల్లో టీచర్లను తీసుకునే డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడాలి.

రెండింటికీ పట్టేది రెండేళ్లే. ఒకదాంట్లో పిల్లల ముందుంటాను, ఇంకొకదాంట్లో పుస్తకాల ముందుంటాను. నా మనసు మొదటిదానివైపే లాగుతోంది. నాన్న కౌలు రైతు. నేను చెప్పినదంతా విని ఒక్క మాట అడిగారు: "రెండేళ్లయ్యాక చేతిలో ఏముంటుందమ్మా?" ఏం చెప్పాలో తోచలేదు. ఈ దారిన వెళ్లినవాళ్లు, వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నల్లబల్ల (స్కూల్ అసిస్టెంట్, గణితం)

చెల్లీ, మీ నాన్నగారు అడిగిందే అసలు ప్రశ్న. తెలంగాణలో 2024 డీఎస్సీ ద్వారా ఉద్యోగంలోకి వచ్చాను. 11,062 పోస్టుల నోటిఫికేషన్ అది. దానికోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో లెక్క చెబితే మీకు భయమేస్తుంది, అందుకే చెప్పను. మీ ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో నోటిఫికేషన్ ఇచ్చారు. మళ్లీ ఎప్పుడు ఎన్ని వస్తాయో ఎవరి చేతుల్లోనూ లేదు.

2009 విద్యాహక్కు చట్టం వచ్చాక టీచర్‌కు కనీస అర్హతలు ఏమిటో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిర్ణయిస్తోంది. 2010 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు చెప్పాలంటే టెట్ తప్పనిసరి. 150 మార్కులకు పరీక్ష, ఓసీ అభ్యర్థికి 90 రావాలి. డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ, మిగతా 80 శాతం డీఎస్సీ రాతపరీక్షది. అసలు టెట్ రాయాలన్నా బీఈడీయో, ప్రాథమిక టీచర్ల శిక్షణ కోర్సు డీఈఎల్ఈడీయో ఉండాలి. రెండేళ్ల ఫెలోషిప్‌కు ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు. ఒక్క మార్కు కూడా కలవదు.

ఇంకొక సంగతి, దీన్ని చాలామంది గమనించరు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని తేల్చింది. ఒకటి నుంచి ఐదు చెప్పే ఎస్జీటీ పోస్టు కావాలంటే డీఈఎల్ఈడీ చేయాలి. బీఈడీ చేస్తే పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టులకే పోటీ పడాలి. ముందు మీరు ఎంత వయసు పిల్లలకు చెప్పాలనుకుంటున్నారో తేల్చుకోండి.

మూడో అంతస్తు (హైదరాబాద్)

నేను ఆ ఫెలోషిప్ చేశాను. పాతబస్తీలో తక్కువ ఫీజు ఇంగ్లిష్ మీడియం బడి, మూడో అంతస్తులో నాలుగో తరగతి. పిల్లలు మమ్మల్ని దీదీ, భయ్యా అనే పిలుస్తారు. ఇప్పటికీ చార్మినార్ వైపు వెళ్తుంటే వెనకనుంచి ఎవరైనా "దీదీ" అంటే తిరిగి చూస్తాను.

ఒక రోజు జరిగింది చెబుతాను, దాన్నిబట్టి మీరే ఆలోచించండి. రెండో వారంలో బోర్డు మీద 52లో నుంచి 38 తీసేయమన్నాను. ముప్పై నాలుగు మందిలో పందొమ్మిది మంది 26 అని రాశారు. నాకు కోపం వచ్చింది. మూడుసార్లు చెప్పాను కదా, ఇంత అశ్రద్ధ ఏమిటి అనుకున్నాను. మరుసటి రోజు మళ్లీ అదే 26. అప్పుడు ఒక పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా చేశావో నోటితో చెప్పమన్నాను. "రెండులో నుంచి ఎనిమిది పోదు కదా దీదీ, అందుకే ఎనిమిదిలో నుంచి రెండు తీశాను" అంది. ఎనిమిదిలో రెండు పోతే ఆరు, ఐదులో మూడు పోతే రెండు. ఆ పాపకు తీసివేత అంటే పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీయడం, అంతే. అందులో అశ్రద్ధ ఏమీ లేదు. తనకు తెలిసిన నియమాన్ని తుచ తప్పకుండా పాటించింది.

నాకు లెక్కలు వచ్చు. కానీ పిల్ల తప్పు వెనక ఒక తర్కం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అది తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలు పిల్లలవి. శిక్షణ మంచిదే, నిజం చెబుతున్నాను. పాఠ ప్రణాళిక రాయడం, పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడటం, ప్రతి వారం ఎవరికి ఏది వచ్చిందో రాసిపెట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. కానీ కొన్ని వారాల్లో ఎవరైనా ఎంత నేర్పగలరు?

అయినా ఆ రెండేళ్లు లేకపోతే నేను ఈ వృత్తిలో ఉండేదాన్ని కాదు. ఆ తర్వాత బీఈడీ చేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను.

ఛాత్రోపాధ్యాయిని

బీఈడీ రెండో ఏడాది చదువుతున్నాను. పుస్తకాల ముందే రెండేళ్లు అన్నారు కాబట్టి ఒక మాట. ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం బీఈడీలో మొత్తం ఇరవై వారాలు బడుల్లోనే గడపాలి, అందులో పదహారు వారాలు రెండో ఏడాదిలో. నేను ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి చెబుతున్నాను. వెనక బెంచీలో గైడ్ టీచర్ కూర్చుని రాసుకుంటారు. పాఠం అయిపోయాక ఆ నోటుబుక్కు నా చేతికిస్తారు. మొదటి రోజు అందులో ఉన్నది: "47 నిమిషాల్లో 41 నిమిషాలు నువ్వే మాట్లాడావు. కిటికీ పక్క వరుసను ఒక్కసారైనా చూడలేదు." ఆ వాక్యం నా మొబైల్‌లో ఫొటో తీసి ఉంచుకున్నాను.

అన్ని కాలేజీలూ ఇలాగే ఉంటాయని అనను. నాన్ అటెండింగ్ బీఈడీ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఫీజు కడితే హాజరు వాళ్లే వేసుకుంటారు, రికార్డులు బయట రాయించుకోవచ్చు, పరీక్షకు వెళ్తే చాలు. నా స్నేహితురాలు అలాంటి చోటే చేరింది. ఆమె ఇప్పటివరకు ఒక్క తరగతిలోనూ నిలబడలేదు. రేపు ఆమె చేతిలోనూ అదే పట్టా, నా చేతిలోనూ అదే పట్టా. కాబట్టి బీఈడీ చేయాలా వద్దా అని అడిగేవాళ్లు ఏ కాలేజీలో అన్నది కూడా అడగాలి. చేరేముందు ఆ కాలేజీ పక్కనున్న బడికి వెళ్లి, వాళ్ల ఛాత్రోపాధ్యాయులు నిజంగా వస్తున్నారా అని ప్రధానోపాధ్యాయుణ్ని అడగండి. పది నిమిషాల పని.

కొత్త పట్టా

అందరికీ కృతజ్ఞతలు. మూడో అంతస్తు అక్కా, మీరు చెప్పిన 26 చదివి రాత్రంతా దాని గురించే ఆలోచించాను. నేనూ కోప్పడేదాన్నే.

ఒక సందేహం. ఫెలోషిప్ చేస్తూనే దూరవిద్యలో బీఈడీ పూర్తి చేయవచ్చు కదా? అప్పుడు రెండేళ్లకు రెండూ చేతికొస్తాయి. నాన్నకూ జవాబు దొరుకుతుంది.

నల్లబల్ల

కుదరదు చెల్లీ. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకుని అన్నీ ఆరా తీశాను. దూరవిద్య బీఈడీ ఇప్పటికే శిక్షణ పొందినవాళ్లకోసం ఉద్దేశించింది. డీఈఎల్ఈడీ లాంటి శిక్షణ పూర్తిచేసి ప్రాథమిక తరగతులకు చెబుతున్న టీచర్లకు అది పనికొస్తుంది. డిగ్రీ మాత్రమే ఉండి, ఫెలోషిప్‌లో పాఠం చెబుతున్నాను అంటే అర్హత రాదు. ఎవరైనా ఏజెంట్ "మేం చూసుకుంటాం" అంటే ఆ ఫోను అక్కడే పెట్టేయండి. రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో నిలవదు.

మూడో అంతస్తు గారికి గౌరవంతోనే ఒక మాట. మీరు మంచి టీచర్ అయ్యారు, సంతోషం. కానీ మీతోపాటు చేరినవాళ్లలో ఎంతమంది ఇంకా తరగతిలో ఉన్నారు? మంచి కాలేజీల్లో చదివినవాళ్లు వచ్చి రెండేళ్లు చెప్పి, ఆ అనుభవంతో విదేశాల్లో పీజీకో పెద్ద ఉద్యోగానికో వెళ్లిపోతారు. పిల్లలు అక్కడే ఉంటారు. నా బడి పిల్లలకు కావలసింది పదేళ్లు ఉండే మనిషి. ఫలానా పిల్ల అక్క కూడా ఇక్కడే చదివింది, ఆమెకూ భిన్నాల దగ్గరే ఇబ్బంది వచ్చింది అని గుర్తుపట్టే మనిషి.

మూడో అంతస్తు

మీ మాటలో నిజముంది. నా స్నేహితుల్లో ఎక్కువమంది ఇప్పుడు తరగతిలో లేరు. కొందరు స్వచ్ఛంద సంస్థల్లో ఉన్నారు, ఒకరిద్దరు టీచర్లకు శిక్షణ ఇస్తున్నారు, ఇంకొందరు వేరే రంగాలకు వెళ్లారు. ఆ సంస్థ కూడా దీన్ని దాచదు. విద్యారంగాన్ని అన్ని వైపుల నుంచీ మార్చేవాళ్లను తయారుచేయడమే వాళ్లు చెప్పుకునే లక్ష్యం.

కానీ అన్నా, ఆ బడిలో నా స్థానంలో ఎవరుండేవారో కూడా చూడండి. నాకు ముందు ఆ తరగతికి ఒకే ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారారు. ఇంటర్ పాసైన అమ్మాయిలు, బతకడానికి సరిపోని జీతం. వాళ్లకు ఏ శిక్షణా లేదు. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఇంకాస్త ఎక్కువ ఇచ్చే చోటు దొరికితే ఎవరైనా వెళ్తారు. రెండేళ్లు ఒకే మనిషి ఉండటం ఆ తరగతికి అదే మొదటిసారి.

ఒక అమ్మ (హైదరాబాద్)

నేను టీచర్‌ను కాను. మా అబ్బాయికి మూడు, నాలుగు తరగతుల్లో ఇలాంటి దీదీ ఒకరు చెప్పారు. వాడు ఇంటికి వచ్చి కథల పుస్తకం తనంతట తాను తీసి చదవడం మొదలుపెట్టింది ఆమె దగ్గరే. ఆమె మా ఇంటికి నాలుగుసార్లు వచ్చారు. వాడి గురించి నాకు తెలియని సంగతులు ఆమె చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఏప్రిల్‌లో ఆమె వెళ్లిపోయారు. వాడు జూన్‌లో మొదటి రోజు బడి నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా "అమ్మా, నేను బాగా చదివి ఉంటే దీదీ ఉండేదా?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. చేరాలా వద్దా అని నేను చెప్పను తల్లీ. చేరితే మాత్రం, వెళ్లేముందు మూడు నెలల నుంచే పిల్లలకు చెబుతూ ఉండు. వెళ్లేది వాళ్లవల్ల కాదని ఒక్కొక్కరికీ విడిగా చెప్పు.

మూడో అంతస్తు

అమ్మా, ఇది నేను చేయలేదు. చివరి వారంలో ఒక వీడ్కోలు పెట్టి వచ్చేశాను. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

డల్లాస్ లెక్కల టీచర్

గుంటూరులో ఎమ్మెస్సీ చేసి పెళ్లయ్యాక టెక్సస్ వచ్చాను. ఇక్కడ బీఈడీ లాంటిది చదవకుండానే టీచర్‌నయ్యాను కాబట్టి నా అనుభవం కొంత ఉపయోగపడవచ్చు.

ఈ రాష్ట్రంలో ప్రత్యామ్నాయ ధ్రువీకరణ అనే దారి ఎనభైల నుంచీ ఉంది. డిగ్రీ ఉండి, సబ్జెక్టు పరీక్ష పాసై, గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో చేరితే ఇంటర్న్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో బడిలో పూర్తి జీతంతో పూర్తిస్థాయి టీచర్‌గా చేరవచ్చు. పగలు పాఠాలు, సాయంత్రాలు శిక్షణ. శిక్షణ సంస్థ నుంచి పరిశీలకురాలు వచ్చి వెనక కూర్చుని తరగతి చూసేవారు. ఏడాది చివర బోధనా పరీక్ష కూడా పాసయ్యాక ప్రామాణిక సర్టిఫికెట్ వచ్చింది. ఆ మొదటి ఏడాది ఎంత కష్టమంటే, ఆదివారం మధ్యాహ్నం నుంచే కడుపులో తిప్పేది. అయినా ఏడాది తిరిగేసరికి పక్క గదిలో పాతికేళ్లుగా చెబుతున్న టీచర్ దగ్గరున్న సర్టిఫికెట్టే నా దగ్గరా ఉంది.

ఇంగ్లండ్‌లో టీచ్ ఫస్ట్ అని 2002లో మొదలైంది, అదీ రెండేళ్లదే. అందులో చేరినవాళ్లు చెబుతూ చెబుతూనే అర్హత కూడా సంపాదిస్తారు. మన దగ్గర ఈ రెండో భాగం లేదు. అనుభవం ఒకచోట, అర్హత ఇంకొకచోట. రెండేళ్లు పిల్లలతో గడిపిన మనిషి మళ్లీ మొదటి నుంచి రెండేళ్లు బీఈడీకి కూర్చోవాలి. అంత ఓపిక, డబ్బు ఎందరికి ఉంటాయి? నల్లబల్ల గారూ, వాళ్లు వెళ్లిపోతున్నారని మీరు బాధపడటం న్యాయమే. వాళ్లు ఉండిపోవడానికి తలుపు ఎక్కడుందో కూడా చూడాలి కదా.

వీళ్లందరికీ మూలమైన టీచ్ ఫర్ అమెరికా 1990లో పిల్లల ముందుకు వచ్చింది. దాని మీద 2004లో మాథమెటికా అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం చేసింది. పిల్లలను చీటీలు తీసినట్టు తరగతులకు పంచి పోల్చారు. లెక్కల్లో ఆ కొత్త టీచర్ల పిల్లలు సుమారు ఒక నెల చదువంత ముందున్నారు. చదవడంలో తేడా ఏమీ కనిపించలేదు. అయితే పోల్చిన తరగతుల్లోని మిగతా టీచర్లలోనూ చాలామందికి సరైన శిక్షణ లేదు. అంటే కొత్తవాళ్లు అద్భుతాలు చేయలేదు, హానీ చేయలేదు. నేను దాన్ని అంతవరకే తీసుకుంటాను.

పాత హాజరుపట్టీ (విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మాయీ, అన్నీ చదివాను. ఎనభైల్లో స్పెషల్ టీచర్‌గా చేరినవాణ్ని. నెలకు 398 రూపాయలు, అంతే. మమ్మల్ని జనం పేరు పెట్టి కాదు, 398 టీచర్లు అనే పిలిచేవారు. అప్పటి టీచర్ శిక్షణ కోర్సు టీటీసీ చేసి కూడా ఆ జీతానికి చేరాం. తర్వాత స్కేలు వచ్చింది కానీ ఆ తొలి సంవత్సరాల సర్వీసు లెక్క గురించి మాలో చాలామంది రిటైరయ్యేదాకా అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చదువు చెప్పాలన్న ఆశ ఉన్న కుర్రవాళ్లు తక్కువకు దొరుకుతారని ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు కనిపెడుతూనే ఉన్నారు. స్పెషల్ టీచర్, అప్రెంటిస్ టీచర్, విద్యా వలంటీర్ అంటూ పేర్లు మారాయి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు రెండేళ్లకు వచ్చే డబ్బు, నగరంలో గది అద్దె, తిండి, ఇంటికి పంపాల్సింది అన్నీ ఒక పేజీలో రాసుకో. మీ నాన్నగారికి ఆ పేజీ చూపించు.

ఇక ఆ 52, 38 సంగతి. ఆ తప్పు నేను ముప్పై ఏళ్లు చూశాను. బోర్డు మీద "అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా పోదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టాలి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పిల్ల చేతికిచ్చి, ఎనిమిది పుల్లలు ఇవ్వమనాలి. రెండే ఉన్నాయని అంటుంది. మనం నోరు విప్పకూడదు. కాసేపటికి తనే కట్ట వైపు చూస్తుంది, రబ్బరు బ్యాండు లాగుతుంది. అది లాగిన క్షణంలో ముఖం చూడాలి. పన్నెండులో ఎనిమిది పోతే నాలుగు, మిగిలిన నాలుగు కట్టల్లో మూడు పోతే ఒకటి. పద్నాలుగు. ఆ తర్వాత మళ్లీ 26 రాయదు.

ఏ దారిలో వెళ్లాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. మీ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, ఓ పది రోజులు సాయంత్రం బడి వదిలాక ఐదారుగురు పిల్లలకు చెప్పు. ఆ తర్వాత ఇక్కడికి వచ్చి రాయి.

కొత్త పట్టా

మాష్టారూ, పదకొండు రోజులైంది. బడి అరుగు మీద ఏడుగురు పిల్లలు వస్తున్నారు, నాలుగు, ఐదు తరగతులవాళ్లు. పుల్లల కట్టలు మా అమ్మే కట్టింది.

ముందు ఇంటి సంగతి. మీరు చెప్పిన పేజీ రాశాను. స్టైపెండ్‌తో నగరంలో నేను బతకగలను, కానీ ఇంటికి పెద్దగా పంపలేను. బీఈడీకి అయితే ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు వస్తే విశాఖలోనో మా జిల్లాలోనో చేరవచ్చు, ఫీజు భారం తగ్గుతుంది. నాన్నతో రెండు గంటలు మాట్లాడాను. ఎడ్‌సెట్ రాస్తాను. ఛాత్రోపాధ్యాయిని గారు చెప్పినట్టు కాలేజీ పక్కనున్న బళ్లలో అడిగి చూసే చేరతాను. ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు చేస్తాను. మంచి కాలేజీలో సీటు రాకపోతే ఆ రెండేళ్లు పిల్లల దగ్గరకే వెళ్తాను, తర్వాత బీఈడీ చేస్తాను. నాన్న "నాలుగేళ్లవుతుంది" అన్నారు. అవుతుంది నాన్నా అన్నాను. ఆయన మరేమీ అనలేదు. మరుసటి రోజు పొలం నుంచి వస్తూ అరుగు దగ్గర ఆగి కాసేపు చూశారు.

ఇప్పుడు అసలు సందేహం. 52, 38 ఏడుగురిలో ఆరుగురికి వచ్చేసింది. మీరు చెప్పినట్టే, మూడో రోజు ఒక బాబు రబ్బరు బ్యాండు లాగి నా వైపు చూశాడు, ఆ చూపు నేను మరిచిపోలేను. కానీ నిన్న 302లో నుంచి 178 తీయమంటే నలుగురు మళ్లీ 276 రాశారు. మధ్యలో సున్నా ఉంది, లాగడానికి పదుల కట్టే లేదు. ఏం చేయాలి?

పాత హాజరుపట్టీ

పదుల కట్టలు పది కలిపి ఒక పెద్ద మోపు కట్టు. అలాంటివి మూడు కావాలి. మూడు మోపులు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఎనిమిది అడుగు. విడి పుల్లలు చాలవు, పదుల కట్టలు లేవు. అప్పుడు మోపు విప్పుతారు. పది కట్టలు వస్తాయి. చాలామంది పిల్లలు అక్కడ ఆగిపోతారు, ఎందుకంటే చేతిలో ఇంకా విడి పుల్లలు రెండే. తొందరపెట్టకు. అందులో ఒక కట్ట విప్పాలని వాళ్లకే తట్టాలి. రెండు మోపులు, తొమ్మిది కట్టలు, పన్నెండు పుల్లలు. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లల చేత గట్టిగా చెప్పించు. అది చెప్పగలిగితే 124 దానంతట అదే వస్తుంది.

మూడు వందల రెండు పుల్లలంటే కనీసం మూడు చీపుళ్లు కావాలి. మీ అమ్మగారిని ముందే అడుగు.